పేగు ఏ శాఖ కిందికొస్తుంది?

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కోడిగుడ్డుకు ఉన్న భద్రత మామూలు మనిషికి లేదు. అంగన్‌వాడీకి వెళ్ళే గుడ్డు ఎంత తూగాలో టెండరులోనే రాస్తారు. బజారుకు తరలిపోకుండా పెంకు మీద రంగు ముద్ర కొడతారు. ఎన్ని ట్రేలు దిగాయి, ఎన్ని పగిలాయి, ఎంతమందికి పెట్టారు అన్నది టీచరు లెక్క చూపించాలి. ఇంటికిచ్చే బాలామృతం ప్యాకెట్టుకైతే రాజలాంఛనాలే. దాన్ని తీసుకోవడానికొచ్చిన తల్లి ఫోను కెమెరా ముందు నిలబడాలి. ఆ మొహం ఆమెదేనని పోషణ్ ట్రాకర్ యాప్ ఒప్పుకోవాలి. 2025 జులై నుంచి ఇది తప్పనిసరి. సిగ్నలు అందకపోతే టీచరు ముందు, తల్లి వెనక, తల్లి చంకలో పిల్లాడు, ముగ్గురూ కలిసి వేపచెట్టు చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. కన్నతల్లి అవునో కాదో తేల్చడానికి చంటివాడు చెయ్యి చాపితే చాలదు మరి, నెట్‌వర్కు కావాలి.

ఇన్ని కాపలాల మధ్య వచ్చిన గుడ్డు తిని పిల్లాడు గ్లాసుడు నీళ్ళు తాగుతాడు. ఆ నీళ్ళకు ముద్ర లేదు. ఫొటో లేదు. ఏ పైపులోంచి వచ్చాయో, దారిలో ఏ మురుగుకాలవలో మునిగి లేచాయో, బిందెలో ఎవరి చెయ్యి పడిందో, తల్లి మొహాన్ని గుర్తుపట్టిన ఆ తెలివైన ఫోను అడగదు. ప్రభుత్వానికి పిల్లాడు నోటిదాకానే తెలుసు. నోరు దాటాక ఒక పేగు ఉంటుందనీ, తిన్నది ఒంటికి పట్టాలో వద్దో అదే తేలుస్తుందనీ ఏ జీవోలోనూ రాసినట్టు లేదు.

బడిలో చదువుకున్న పాఠమే ఇది. చిన్నపేగు లోపలి గోడ నిండా సన్నటి వేళ్ళలాంటి చూషకాలుంటాయి. తిన్నదాంట్లోని సారాన్ని రక్తంలోకి లాగేది అవే. పాకే వయసు పిల్లాడు నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటాడు. జింబాబ్వేలో పరిశోధకులు ఇళ్ళ ముందు గంటల తరబడి కూచుని పసివాళ్ళ నోట్లోకి ఏమేం వెళుతున్నాయో రాసుకున్నారు. మట్టీ, కోళ్ళ పెంటా కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మన వాకిళ్ళలో కూచుని రాసుకుంటే జాబితా ఇంకాస్త పొడుగవుతుంది తప్ప తగ్గదు. ఇలా రోజూ కాస్త కాస్త మలం తాలూకు క్రిములు లోపలికి వెళుతుంటే ఆ చూషకాలు మొండివైపోతాయి. పేగు గోడ పట్టు సడలుతుంది. ఒళ్ళు రాత్రీ పగలూ క్రిములతో పోరాడుతూనే ఉంటుంది. ఎముకకు వెళ్ళాల్సిన తిండి ఆ యుద్ధానికి ఖర్చవుతుంది. ఆకలి మందగిస్తుంది. విచిత్రమేమంటే, పిల్లాడికి విరేచనాలు కానక్కర్లేదు, జ్వరం రానక్కర్లేదు. చూడ్డానికి బాగానే ఉంటాడు. ఈడుకు తగ్గ ఎత్తు ఉండడు, అంతే. అసలు నష్టం పైకి కనిపించే విరేచనాల వల్ల కంటే ఈ కనిపించని పేగు జబ్బు వల్లే ఎక్కువ కావచ్చని జీన్ హంఫ్రీ అనే పరిశోధకురాలు 2009లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. కనిపించని జబ్బు కావడమే దాని దురదృష్టం. ఫ్లెక్సీ మీద వేయించడానికి ఫొటో దొరకదు.

గుడ్డు దండగని నేననడం లేదు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో తగినంత తిండి దొరికేది దేశం మొత్తమ్మీద నూటికి 11 మందికేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. గుడ్డు పెట్టాల్సిందే, రెండు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఒక చేత్తో గుడ్డూ, ఇంకో చేత్తో దాన్ని అరగనివ్వని నీళ్ళూ ఇచ్చి, పిల్లాడెందుకు పెరగలేదని తల్లిని నిలదీసే ఆ మూడో చెయ్యి ఎవరిదన్నదే నా ప్రశ్న.

కావాలంటే అడిగి చూడండి. "అయ్యా, ఈ పిల్లాడు ఎత్తు పెరగలేదు" అని స్త్రీ శిశు సంక్షేమ శాఖ గుమ్మం ఎక్కండి. "గుడ్డు ఇచ్చామండీ, రిజిస్టరులో సంతకం ఉంది" అంటారు. నిజమే, ఉంటుంది. గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు దగ్గరికి వెళ్ళండి. "ట్యాంకు నింపేదాకా మాదండీ, ఆ తర్వాత పంచాయతీది." అదీ నిజమే. పంచాయతీ కార్యదర్శిని కదపండి. "మరుగుదొడ్డికి 12 వేలు పడ్డాయి సార్, ఫొటో అప్‌లోడ్ చేశాం. కాలవలు తీయించడానికి మాత్రం ఫండ్సు లేవు." ఆయనా అబద్ధం చెప్పడు. ఆర్థిక సంఘం గ్రాంటుల్లో 60 శాతం నీళ్ళకూ పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని 15వ ఆర్థిక సంఘం గీత గీసింది. కానీ ఆర్థిక సంఘం సొమ్ము కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారంటూ ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులే రోడ్డెక్కారు. ఇక ఆరోగ్య కేంద్రం: "ఓఆర్‌ఎస్ ప్యాకెట్లున్నాయి, జింకు బిళ్ళలున్నాయి, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మందు వేస్తున్నాం." వేస్తున్నారు, పాపం. మందు బిళ్ళ చప్పరించిన పిల్లాడు మళ్ళీ అదే మట్టిలో దిగి ఆడుకుంటాడు, పురుగులకు ఆర్నెల్ల పని మళ్ళీ దొరుకుతుంది.

అందరూ తమ పని తాము చేశారు, అందరి దగ్గరా కాగితాలున్నాయి. పుణ్యం తలా పిడికెడు పంచుకుని పాపం మాత్రం పిల్లాడి వాటాకు వదిలేశారు.

ఇప్పుడు ఊళ్ళోకి వెళదాం. కుళాయి చూడాలంటే తలెత్తకండి, కిందికి వంగండి. మన ఊళ్ళలో చివరి వీధి కుళాయి నేల మీద ఉండదు, గుంతలో ఉంటుంది. ట్యాంకు దగ్గరి ఇళ్ళు తోడుకోగా మిగిలిన నీళ్ళు అక్కడిదాకా ఎక్కవు కనుక జనమే మోకాలి లోతు గోయి తవ్వి, పైపును అందులోకి దించుకుంటారు. పక్కనే మురుగుకాలవ. వానొస్తే కాలవకీ గుంతకీ మధ్య గట్టు ఉండదు. నీళ్ళొచ్చే గంటలో ఇల్లాలు చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఒట్టి కాళ్ళతో ఆ గుంతలోకి దిగి, బిందె అడుగు ఆ బురదలోనే ఆనించి పట్టుకుంటుంది. నిండిన బిందె పైకి అందించడానికి ఒకరు, అందుకోవడానికి ఒకరు. ఇద్దరి వేళ్ళూ నీళ్ళలోనే. పాచి పట్టిన ఆ గోతి అంచున కోడి ఒకటి తీరిగ్గా నీళ్ళు తాగుతుంటుంది. చంకలో బిడ్డను దించి గట్టు మీద కూచోబెడితే వాడు గుంతలో చెయ్యి పెట్టి ఆడుకుంటాడు.

నీళ్ళు పైపులోంచి గుంతలోకి వస్తాయని కదా మీరూ నేనూ అనుకుంటాం. సరఫరా ఆపేసిన మరుక్షణం దారి తిరగబడుతుంది. ఖాళీ అయిన పైపు గుంతలో ఉన్నదాన్ని లోపలికి లాక్కుంటుంది. పైనున్న మేడ ఇంటాయన మోటారు బిగించాడంటే ఆ లాగుడుకు ఊపు ఎక్కువ; దారిలో పగిలిన అతుకుల దగ్గరల్లా కాలవ నీళ్ళు కూడా ప్రయాణానికి ఎక్కుతాయి. మర్నాడు పొద్దున వచ్చే మొదటి బిందె నురగతో, రంగుతో వస్తుంది. ఆడవాళ్ళు దాన్ని పారబోసి రెండో బిందె పడతారు. అంటే ఊళ్ళో నీటి పరీక్ష రోజూ జరుగుతూనే ఉంది, జీతం లేకుండా, కంటి చూపుతో. కంటికి కనిపించని క్రిమి మాత్రం రెండో బిందెలోనూ ఉంటుంది.

పద్ధతైన పరీక్షకూ ఏర్పాటుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు తర్ఫీదిచ్చి పెట్టెలు చేతికిచ్చారు. వాటిలో ఒక చిన్న సీసా ఉంటుంది. గీతదాకా నీళ్ళు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు వెచ్చటి చోట పెట్టాలి. నీళ్ళు నల్లబడ్డాయంటే మలం కలిసిందన్న అనుమానం ఖాయం. ఇంత తేలికైన, ఇంత నిజాయితీగల పరీక్ష మన పాలనలో మరొకటి లేదు. అందుకే దాంతో ఇబ్బంది. సంఘం లీడరు నల్లటి సీసా పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వచ్చిందనుకోండి.

"సార్, నల్లగైంది."

"ఎండలో పెట్టావేమోనమ్మా."

"లేదు సార్, పొయ్యి గట్టు మీదనే పెట్టిన. రెండు వీధులవి నల్లగైనయి, ట్యాంకు కాడిది కాలేదు."

"అయితే ట్యాంకుది పంపుదాం. ఆ రెండూ ఇటివ్వు, బ్లీచింగ్ కొట్టించి మళ్ళీ చూద్దాం."

ట్యాంకు నీళ్ళు బాగున్నాయన్న నివేదిక పైకి వెళుతుంది. పిల్లాడు తాగేది చివరి వీధి నీళ్ళు.

పైన లెక్కలు దివ్యంగా ఉంటాయి. 2016 ఆగస్టులో గజ్వేలు దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ నల్లా తిప్పారు. ఇంటింటికీ నల్లా నూటికి నూరు శాతం పూర్తయిందన్న రాష్ట్రాల వరసలో తెలంగాణ ముందే నిలబడింది. 2019 పంద్రాగస్టు నాడు ఎర్రకోట మీంచి ప్రకటించిన జల్ జీవన్ మిషన్ తలకు రోజుకు 55 లీటర్ల లెక్కన 2024కల్లా దేశంలో ప్రతి పల్లె ఇంటికీ కుళాయి అంది. ఇప్పుడు 2028 అంటోంది. నాలుగేళ్ళు ఎక్కువ తీసుకున్నందుకు నేను తప్పు పట్టను, పైపులు వేయడం చిన్న పనేం కాదు. కాకపోతే పిల్లాడి ఎత్తు ఖరారయ్యేది కడుపులో పడ్డ నాటి నుంచి రెండో పుట్టినరోజు దాకా ఉన్న వెయ్యి రోజుల్లో. గడువు పొడిగించమని వాడు దరఖాస్తు పెట్టుకోలేడు.

మరుగుదొడ్ల కథ ఇంతకంటే రసవత్తరం. 2019 అక్టోబరు 2న, గాంధీగారి 150వ జయంతి నాడు, పల్లె భారతంలో ఇక ఎవరూ చెంబట్టుకుని బయటికి వెళ్ళడం లేదని ప్రకటించారు. అదే రోజుల్లో మొదలై 2021లో ముగిసిన కుటుంబ ఆరోగ్య సర్వే ఇల్లిల్లూ తిరిగి చూస్తే, దేశం మొత్తమ్మీద నూటికి 19 ఇళ్ళవాళ్ళు అసలు ఏ మరుగుదొడ్డీ వాడడం లేదని తేలింది. ఆ 19 ఇళ్ళవాళ్ళూ పత్రికలు చదవరనుకుంటాను.

కట్టినవి లేవా అంటే ఉన్నాయి. గోడ మీద లబ్ధిదారు పేరు, పథకం పేరు ఇంకా చెరిగిపోలేదు. తలుపు తీస్తే లోపల పిడకలు, యూరియా బస్తాలు, విరిగిన నాగలి. దేశంలో పిడకలకు ఇంత పటిష్ఠమైన గది మొగలాయీలు కూడా కట్టించి ఉండరు. నీళ్ళు మోసుకొచ్చేది ఆడది. చెంబుడు నీళ్ళతో పొలంలో అయ్యే పనికి ఇంట్లో బకెట్టెడు కావాలి. అదొక కారణం. రెండో కారణం మనం నోరు విప్పి చెప్పుకోనిది: గుంత నిండితే తీసేదెవరు? ఎండి మట్టైపోయినదాన్ని పారతో ఎత్తడానికి కూడా మన కులం ఒప్పుకోదు. ఆ పని ఫలానావాళ్ళదని వెయ్యేళ్ళ కిందటే కేటాయించి కూచున్నాం. చేయించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి, మనసులో కేటాయింపు మాత్రం రద్దు కాలేదు. అందుకని సర్కారు ఇచ్చిన రెండు గుంతల దొడ్డి నిండిపోతుందేమోనన్న బెంగతో జనం దాన్ని దాచుకుంటారు. డబ్బున్నవాళ్ళు బావంత సెప్టిక్ ట్యాంకు కట్టుకుని, దాని గొట్టం చడీచప్పుడు లేకుండా వీధి కాలవలోకి వదిలేస్తారు. ఆ కాలవ ఎక్కడికి వెళుతుందో ఇందాక చూశాం, చివరి వీధి గుంత దగ్గరికి.

ఇక పసివాళ్ళది. చంటిబిడ్డది ఏముంది, పాలు తాగే పిల్లాడు, దానికి అంటు ఏమిటి అని తీసి పెరట్లో పారేస్తాం. ఈ మధ్య డైపర్లు వచ్చాయి. అవి ప్లాస్టిక్ సంచీలో మూట కట్టుకుని కాలవలో తేలుతున్నాయి. పెద్దవాళ్ళ దాంట్లో ఉన్న క్రిములు పసిబిడ్డ దాంట్లోనూ ఉంటాయి. దాన్ని ఎక్కడ పారేస్తున్నారని ఏ స్వచ్ఛ ర్యాంకు కోసమూ ఇంటికొచ్చి ఎవరూ అడిగినట్టు నాకు కనిపించలేదు.

సరే, ఫలితం? అయిదేళ్ళ లోపు పిల్లల్లో ఈడుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు తెలంగాణలో 2015-16లో నూటికి 28 మంది. మరుగుదొడ్లు కట్టి, నల్లాలు తిప్పి, ఇంతింత ఖర్చు పెట్టాక 2019-21 సర్వేలో 33 మంది. ఆంధ్రప్రదేశ్‌లో రెండు సర్వేల్లోనూ 31. స్థిరత్వానికి పోటీ పెడితే ఆ రాష్ట్రానికి బహుమతి ఖాయం. దేశం మొత్తమ్మీద 38 నుంచి 36కు దిగింది. 2022కల్లా 25కు దించుతామని పోషణ్ అభియాన్ మాటిచ్చిన సంగతి ఇప్పుడు గుర్తు చేస్తే మర్యాదగా ఉండదు.

ఇలాంటి అంకెలు ఎదురైనప్పుడు పెద్దలు రెండు తలుపులు వెతుకుతారు. మొదటిది వంశం. "మనవాళ్ళు పుట్టుకతోనే పొట్టి, ప్రపంచ కొలతలతో పోల్చకూడదు" అని. ఇది అరుగు మీద కబురే కాదు. తర్వాత నీతి ఆయోగ్‌కు తొలి ఉపాధ్యక్షుడైన అరవింద్ పనగరియా 2013లో దీన్ని పెద్ద వ్యాసంగానే రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఆ కొలతలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూస్తే సరదాగా ఉంటుంది. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన దక్షిణ ఢిల్లీ పిల్లలనూ కొలిచే వాటిని తయారుచేశారు. కలిగినవాళ్ళ పిల్లలు, శుభ్రమైన నీళ్ళు తాగి, కడుపునిండా తిన్నవాళ్ళు. నార్వే పిల్లలకూ వాళ్ళకూ ఎత్తులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మన జన్యువులకు పిన్‌కోడు చదవడం వచ్చని అప్పుడు తెలిసింది.

రెండో తలుపు ఇంకా తెలివైనది. "మరుగుదొడ్లు కట్టినా పిల్లలు పెరగలేదని పరిశోధనలే చెబుతున్నాయి కదా, మరి డబ్బు తగలేయడం ఎందుకు?" పరిశోధనల మాట అబద్ధం కాదు. ఒడిశాలో 100 ఊళ్ళలో చేసిన పరీక్ష 2014లో వెలువడింది. దొడ్లున్న ఇళ్ళు నూటికి 9 నుంచి 63 అయ్యాయి. విరేచనాలూ తగ్గలేదు, ఎత్తూ పెరగలేదు. తర్వాత బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో చేసిన పెద్ద పరీక్షల్లో ఇంటింటికీ క్లోరిను, దొడ్డి, చేతులు కడిగే ఏర్పాటు ఇచ్చి చూశారు. పిల్లల ఎత్తు మీద వాటి ప్రభావం కనబడలేదు, అదనంగా పెట్టిన తిండే కాస్త పనిచేసింది. ఇది చదివి మన ఆర్థిక శాఖ ఎంత సంతోషించి ఉంటుందో ఊహించగలను. ఒడిశా ఊళ్ళలో దొడ్డి వచ్చాక కూడా చాలామంది బయటికే వెళ్ళారన్న వాక్యం దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేసి ఉంటారు. ఊళ్ళో మూడోవంతు ఇంకా కాలవ గట్టున కూచుంటుంటే మీ ఇంటి దొడ్డి మీ పిల్లాణ్ణి కాపాడదు. ఈగకు సరిహద్దు రాళ్ళు తెలియవు. బిళ్ళ, బకెట్టు, ఒక గుంత అనే చవక సరుకుతో కుదరదు, మురుగును మనిషికి దూరంగా తీసుకుపోయే కాలవలూ, రోజంతా ఆగకుండా వచ్చే నీళ్ళూ, శుభ్రమైన గచ్చూ కావాలని ఆ పరీక్షలు చేసినవాళ్ళే చెప్పారు. అరకొర చేస్తే ఫలితం రాదని తేలితే, అసలు చేయొద్దన్నమాట అని అర్థం చేసుకోవడానికి ఐఏఎస్ పరీక్ష పాసై ఉండాలి.

ఇవేవీ కుదరనప్పుడు చిట్టచివర దొరికేది తల్లి. ఆమెకు అవగాహన లేదు. సెప్టెంబరులో పోషణ మాసం, అక్టోబరు 15 చేతులు కడుక్కునే దినం. అంగన్‌వాడీ కేంద్రం ముందు షామియానా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లెక్సీలో ఆరుగురు నాయకులూ ఒక అరిచెయ్యీ. తల్లులు ఆలస్యంగా వచ్చారని మేడంగారు కోప్పడతారు. వాళ్ళు గుంత దగ్గర వంతులో ఉన్నారు. ఆ రోజు కేంద్రంలో నీళ్ళు రాలేదు కనుక ఆయా ఎదురింటి నుంచి బకెట్టు పట్టుకొచ్చింది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు, బొటనవేలు, మణికట్టు అంటూ అంచెలంచెలుగా మేడంగారు చూపిస్తారు. ఫొటో అయ్యాక అదే బకెట్టులో పిల్లలందరూ వరసగా చేతులు ముంచుతారు. వెనక వరసలో ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇద్దరు పిల్లల తల్లి, రోజుకు అన్ని బిందెలు మోసే మనిషి, సబ్బు సంగతి తెలియక కాదు ఆమె నవ్వింది.

ఈ శాఖలన్నీ ఒక్కచోట కలిసి రావడం కూడా చూశాం. ఊళ్ళో అతిసారం ప్రబలాలి, నలుగురు పోవాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అదే జరిగింది. వైద్య శిబిరాలు, ట్యాంకర్లు, బ్లీచింగ్, పైపుల మరమ్మతులు, ఉప ముఖ్యమంత్రి రాక. అవి రావాల్సినవే, వచ్చినందుకు సంతోషం. పోయినవాళ్ళెందరు, అందులో అతిసారంతో పోయినవాళ్ళెందరు అన్నదాని మీద కూడా అంతే చురుగ్గా తర్జనభర్జన నడిచింది. చావు పేపర్లో పడుతుంది. నాలుగు అంగుళాలు తక్కువ పెరిగి, బళ్ళో వెనక బెంచీలో కూచుని, పెద్దయ్యాక మేస్త్రీ దగ్గర తక్కువ కూలికి కుదురుకునేవాడు ఏ బులెటిన్‌లోనూ పడడు.

కనుక ప్రభుత్వం వారికి ఒక విన్నపం. నోరు స్త్రీ శిశు సంక్షేమానిది, నీళ్ళు ట్యాంకుదాకా ఇంజనీర్లవి, ట్యాంకు కింద పంచాయతీది, జబ్బు ఆరోగ్య శాఖది అని పంపకాలు అయిపోయాయి. పేగొక్కటే ఉమ్మడి ఆస్తిలా తగాదాలో ఉండిపోయింది. దాని పేరు మీద ఒక అధికారిని నియమించి, చివరి వీధి సీసా నల్లబడిన రోజున ఆయన జీతం ఆపగలిగితే సరే. అది కుదరదంటే దాన్ని దేవాదాయ శాఖకు బదిలీ చేయండి. ఇన్నాళ్ళూ ఆ పిల్లల్ని చూసుకుంటున్నది ఆ దేవుడే. కొత్తగా పోస్టులు మంజూరు చేయక్కర్లేదు, ఖజానా మీద భారమూ పడదు.